మామ్మ పట్టించిన రక్తం

ఇప్పుడు నేను అన్నం నమిలి తింటున్నాను. మెత్తగా వండిన అన్నం, పప్పు, బాగా మగ్గిన వంకాయ. పై పళ్ళూ కింది పళ్ళూ కలుస్తున్నాయి. డాక్టరు గారు తృప్తిగా ఉన్నారు. మా నాన్న నా ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాడు. ప్రమాదం దాటిపోయింది కాబట్టి ఇక రాయొచ్చుననుకుంటున్నాను. దవడ ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్ళెవరైనా ఇది చదివితే భయపడొద్దు. ఆపరేషన్ బాగానే జరుగుతుంది. నాకూ బాగానే జరిగింది. నేను చెప్పవలసింది ఆ తర్వాత మా ఇంట్లో జరిగినదాని గురించి.

కార్తీకం

ఎదిగేకొద్దీ నా కింది దవడ ముందుకు పెరుగుతూ వచ్చింది. దోసె ముక్క కొరకాలంటే తల పక్కకు వంచి చివరి పళ్ళతో చించుకోవాలి. తిన్నాక చెవుల ముందు నొప్పి. స్కూల్లో పారమూతి అనేవారు. కాలేజీలో ఎవరూ ఏమీ అనలేదు గాని, అప్పటికే చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడటం నాకు అలవాటైపోయింది. తర్వాత మాట్లాడటమే తగ్గించేశాను. పుస్తకాలు చదువుకోవడం, పడుకునే ముందు డైరీ రాసుకోవడం. నా మాటలన్నీ అక్కడే ఖర్చయ్యేవి.

ఆ దవడ మామ్మది. మామ్మంటే మా నాన్న తల్లి. మా నాన్నను దాటి నేరుగా నాకొచ్చింది. మామ్మ దాన్ని ఏనాడూ దాచుకోలేదు. గవరపాలెంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకు నా గడ్డం పట్టుకుని చూపించేది.

"సూడండి, అచ్చం నా బొమ్మే. నాను సచ్చిపోయినా ఈ మూతి ఉంటాది."

నేను చెయ్యి విడిపించుకుని లోపలికి పారిపోయేదాన్ని.

మా వీధిలో ఏ ఇంట్లో పురుడైనా కాయం మామ్మే చేసేది. మిరియాలు, పిప్పళ్ళు, శొంఠి, వెల్లుల్లి నేతిలో వేయించి, దంచి, బెల్లం పాకంలో కలిపి ముద్ద చేసేది. పురుడయ్యాక ఒంట్లో చెడ్డ రక్తం మిగిలిపోకూడదని, అదంతా బయటికి పోవాలని బాలింతకు అది తినిపిస్తారు. మా పక్కిల్లు షకీలా ఆంటీ వాళ్ళది. వాళ్ళకు కూల్‌డ్రింకుల షాపుంది. ఆవిడ కూతుళ్ళిద్దరూ పురుడయ్యాక తిన్నది మామ్మ చేతి కాయమే.

ఆపరేషన్ చేయిద్దామనుకున్న రోజు మామ్మ అడిగింది. "దవడ కోసేత్తారా?"

"కొంచెం కోసి వెనక్కి జరుపుతారమ్మా," అన్నాడు నాన్న.

మర్నాడు నాకు జడ వేస్తూ, వెనక నుంచి అంది. "నొప్పైతే కోయించుకో తల్లీ. నాకేటి? నాది నాకుంది."

విశాఖపట్నంలో డాక్టరు గారు నా రక్తపరీక్ష చూసి, ఇప్పుడే చెయ్యడం కుదరదన్నారు. "ఈ ఆపరేషన్‌లో రక్తం పోతుంది. ఎంత తక్కువ పోతే అంత త్వరగా కోలుకుంటావు. తక్కువ పోయేటట్టు మేం ఇంజెక్షన్ ఇస్తాం, బీపీ అదుపులో ఉంచుతాం. కానీ ముందు నీ ఒంట్లో ఉండాలి కదమ్మా." ఐరన్ మాత్రలు రాసిచ్చారు. మిగిలిన పని మామ్మ తీసుకుంది.

పొద్దున రాగి జావ. పదకొండింటికి నువ్వులు, బెల్లం. నాన్న తన ఆటోలో బెల్లం మార్కెట్‌కు సరుకు తోలేవాడు కాబట్టి మంచి బెల్లం ఇంట్లో ఎప్పుడూ ఉండేది. మధ్యాహ్నం తోటకూర, సాయంత్రం ఖర్జూరం. వద్దంటే ఊరుకునేది కాదు.

"రగతం పట్టడమంటే మాటలేటే? ఒక్కో ముద్దకీ ఒక్కో సుక్క. తిను."

"కడుపు నిండిపోయింది మామ్మా."

"నీ కడుపు నీకేటి తెలుసు, నన్నడుగు."

ప్రతి పరీక్ష తర్వాతా గుమ్మంలోనే నిలబడి "ఎంత పట్టింది?" అని అడిగేది. నేను వేళ్ళతో చూపించేదాన్ని. మామ్మకు అక్షరాలూ అంకెలూ రావు గాని, వేళ్ళు పెరగడం తెలిసేది. మాఘం నాటికి డాక్టరు గారు సరేనన్నారు.

శివరాత్రి వెళ్ళాక

ఆస్పత్రిలో వెయిటింగ్ హాలు గురించి అమ్మ తర్వాత చెప్పింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరూ ఒకేసారి లేచేవారట. రాంబిల్లి నుంచి వచ్చిన ఒకావిడ, భర్త ఆపరేషన్ కోసం కూర్చునుంది, అమ్మ చేతిలో బత్తాయి తొనలు పెట్టి, "తినమ్మా, నువ్వు పడిపోతే నీ పిల్లనెవులు సూత్తారు?" అందట. ఆవిడ పేరు కూడా అమ్మ అడగలేదు. ఇప్పటికీ దానికి బాధపడుతుంది.

నాకు గుర్తున్నది మెలకువ వచ్చాక. ముఖం నాది కాదన్నట్టు బరువుగా ఉంది. పళ్ళు రబ్బరు బ్యాండ్లతో బిగించేశారు. ముక్కులోంచి, గొంతులోంచి రక్తం కొంచెం కొంచెంగా వస్తూనే ఉంది. ఉప్పగా, గోరువెచ్చగా. మింగితే కడుపులో తిప్పుతుంది, నోరు తెరవడానికి లేదు. ఆ మొదటి రోజు భయం గురించి ఎంత రాసినా తక్కువే. అయితే అది తగ్గుతుంది. ఇది చదివేవాళ్ళు ఆ ఒక్క మాట గుర్తుంచుకోండి. రెండో రోజుకు తగ్గింది.

డాక్టరు గారు వచ్చి, అనుకున్నదానికంటే చాలా తక్కువ రక్తం పోయిందని, ఎక్కించే అవసరమే రాలేదని చెప్పారు. నాన్న వెంటనే మామ్మకు ఫోన్ చేశాడు. అవతలి నుంచి మామ్మ గొంతు నాకు కూడా వినిపించింది.

"నాను పట్టించిన రగతంరా అది. ఎలా పోతాది?"

ఇంటికి పంపే రోజు నర్సు అమ్మనూ నాన్ననూ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పింది. ఇంకొన్నాళ్ళు ఐసు పెట్టాలి. తల ఎత్తుగా ఉంచాలి. ఉమ్మకూడదు, ముక్కు చీదకూడదు. వేడివేవీ ఇవ్వకూడదు, వేడి తగలనివ్వకూడదు. నాటుమందులు అసలు వద్దు. అమ్మ తిరిగి అప్పజెప్పింది. నాన్న కూడా అప్పజెప్పాడు. నేను తల ఊపాను.

అందరం విన్నాం. ఇంటి దగ్గర నాకోసం గుమ్మం కడుగుతూ ఉన్న మనిషికి మాత్రం ఇవి చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు

మా ఫ్రిజ్‌లో ఐసు సరిపోవడం లేదని షకీలా ఆంటీ షాపు నుంచి డబ్బా నిండా తెచ్చింది. "బేటీ, మొహమాటపడకు. కావాలంటే గోడ మీద కొట్టు, నేనొస్తా." అమ్మ ఆ ముక్కల్ని గుడ్డలో చుట్టి నా దవడకు ఆనించింది. మామ్మ చూసి బెదిరిపోయింది.

"పచ్చి ఒంటికి ఐసేటే, ఓలమ్మ! బాలింత కన్నా పచ్చిది కదే ఇది. సన్నిపాతం కమ్ముతాది."

"డాక్టరు గారు చెప్పారత్తా," అంది అమ్మ. వరసగా నాలుగు రోజులు నిద్ర లేదు అమ్మకు. అంతకు మించి చెప్పే ఓపిక లేదు.

మామ్మ డాక్టరు మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. కానీ సాయంత్రం దాకా నా కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని, అరికాళ్ళు రుద్దుతూనే ఉంది.

మాట్లాడలేను కాబట్టి నాన్న నాకొక పలక కొనిచ్చాడు. చిన్నపిల్లల పలక, రాతిది. నిజం చెప్పాలంటే నాకది హాయిగానే ఉంది. ఏది కావాలన్నా రాసి చూపించడమే. అమ్మ చదివేది, నాన్న చదివేవాడు, షకీలా ఆంటీ కూడబలుక్కుని చదివేది. జీవితమంతా ఇలాగే గడిచిపోతే బాగుణ్ణనిపించింది ఆ రోజు.

మర్నాడు మధ్యాహ్నం మామ్మ అమ్మతో అంది. "నువ్వెల్లి కాసేపు నడుం వాల్సు. నాను సూసుకుంటాను కదా."

అమ్మ పక్కగదిలోకి వెళ్ళి, పడుకున్న మరుక్షణం నిద్రపోయింది.

నాకు మాత్రల మత్తు. మామ్మ వేయించిన ఉప్పు గుడ్డలో మూట కట్టి తెచ్చి, నా రెండు దవడలకూ కాపడం పెట్టింది. పెదవి నుంచి గడ్డం దాకా నాకు స్పర్శ లేదు. వేడో చలవో తెలియలేదు, చెయ్యి మామ్మదని మాత్రం తెలిసింది. తర్వాత సిరంజితో, అమ్మ పట్టడం చూసి నేర్చుకున్నట్టే, బుగ్గ పక్కనుంచి ఏదో పట్టింది. ముక్కు దిబ్బడ వేసి ఉంది. వాసన లేదు, రుచి లేదు. పాలనుకున్నాను. పాలే. వాటిలో కాయం కరిగించి ఉంది.

"తాగు తల్లీ. ఒంట్లో సెడ్డది ఉండిపోకూడదు."

కాసేపటికి గొంతులో ఆ ఉప్పదనం మళ్ళీ మొదలైంది. ఈసారి కొంచెం కొంచెంగా కాదు. ముక్కులోంచి ధారగా వచ్చింది, పళ్ళ సందుల్లోంచి వచ్చింది. నేను లేచి కూర్చున్నాను. మామ్మ గిన్నె తెచ్చి నా గడ్డం కింద పట్టింది. భయపడలేదు. నా వీపు నిమురుతూ ఉంది.

"ఊసెయ్ తల్లీ, ఊసెయ్. సెడ్డ రగతం. పోనీ. పోతేనే మంచిది."

నేను తల అడ్డంగా ఊపాను. పలక అందుకుని 'అమ్మను లేపు' అని రాశాను. అక్షరాల మీద రక్తం బొట్లు పడ్డాయి. మామ్మ పలక వంక చూసింది, నా వంక చూసింది.

"ఏటి రాసేవు? నాకేటి తెలుస్తాదే? నోటితో సెప్పు అమ్మీ."

ఇన్నేళ్ళూ రాతలోనే బతికాను. నాకెదురుగా కూర్చున్న మనిషికి ఆ రాత గీతల కింద లెక్క. ఒక్క మాట, ఒకే ఒక్క మాట నోటితో అనగలిగితే చాలు. పళ్ళ వెనక నుంచి 'మ్మ్' అని మాత్రం వచ్చింది. మామ్మ తననే పిలుస్తున్నాననుకుంది. "ఇక్కడే ఉన్నాను తల్లీ, ఇక్కడే," అంటూ ఇంకా దగ్గరికి జరిగింది.

పలక తీసి మంచం పట్టె మీద కొట్టాను. అది రెండు ముక్కలైంది. ఆ చప్పుడుకు అమ్మ లేచొచ్చింది.

మళ్ళీ విశాఖపట్నం

నాన్న ఆటో మార్కెట్‌లో ఉంది. షకీలా ఆంటీ వాళ్ళ కారులో వెళ్ళాం. దారి పొడుగునా ఆంటీ నా తల ఎత్తి పట్టుకుని, అమ్మ ఐసు పట్టుకుని కూర్చున్నారు. కొత్త సీటు కవర్లు పాడైపోయాయి. నేను చేత్తో చూపిస్తే, "అరె, కవరు మాట తర్వాత. నువ్వు కళ్ళు మూసుకోకు," అంది ఆంటీ.

నాన్న ఎలా చేరుకున్నాడో, మామ్మను కూడా తీసుకుని వెనకే వచ్చాడు. నన్ను చక్రాల మంచం మీద తోసుకెళ్తూ లిఫ్ట్ కోసం ఆపారు. వెయిటింగ్ హాల్లో జనం నిండా ఉన్నారు. నాన్న అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు.

"ఏటి పెట్టేవమ్మా దానికి? సంపేద్దామనేటి?"

"పచ్చి ఒళ్ళు కదరా అని..."

"ఎవులడిగేరు నిన్ను? ఎవులు పెట్టమన్నారు?"

మామ్మ ఏదో అనబోయి, చుట్టూ చూసింది. అందరూ తననే చూస్తున్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దవడ కనిపించకుండా. నేను చున్నీ పెట్టుకునేటట్టే. మామ్మ అలా చెయ్యడం అదే మొదటిసారి చూశాను. అమ్మ నాన్నను ఆపగలదు, ఆపలేదు. లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి.

రక్తం ఆగింది. రెండు సీసాలు ఎక్కించారు. తర్వాత డాక్టరు గారు నాన్నతో అన్నమాట నేను పడుకునే విన్నాను. "వేడి వల్ల కావచ్చు, మందు వల్ల కావచ్చు. ఒక్కోసారి ఏమీ లేకుండా కూడా ఇలా జరుగుతుంది. ఇందుకే అని నేను చెప్పలేను. పెద్దావిడను ఏమీ అనకండి."

అనేయడం అప్పటికే అయిపోయింది.

మామ్మ వార్డులోకి రాలేదు. తలుపు అద్దం లోంచి ఒకసారి చూసిందని నర్సు చెప్పింది. రక్తం సీసా వంక చూసి, అందట. "నానే పట్టించేను. నానే పోగొట్టేను."

నూకాలమ్మ పండగ

నేను ఇంటికొచ్చేసరికి మామ్మ లేదు. రావికమతంలో ఉన్న మా చిన్నత్త ఇంటికి వెళ్ళిపోయింది. ఎవరూ వెళ్ళమనలేదు. ఎవరూ ఉండమని కూడా అనలేదు. వెళ్ళే ముందు కాయం దంచే రోలు కడిగి, పెరట్లో బోర్లించి వెళ్ళింది.

కొత్త అమావాస్యకు ఊరంతా జాతర. డప్పులు మా గది దాకా వినిపిస్తున్నాయి. ఏటా నన్ను గుడికి తీసుకెళ్ళేది మామ్మే. నాన్న ఆ రోజు ఇంట్లోనే ఉండి, పని లేకపోయినా ఆటో రెండుసార్లు కడిగాడు.

అమ్మ రావికమతం ఫోన్ చేసి, నా చెవి దగ్గర పెట్టింది. నాకు మాట రాదు. 'మ్మ్' అన్నాను.

"అమ్మీ? నువ్వేటి? ఒద్దు, మాటాడకు, మాటాడకు. రగతం వత్తాది," అని మామ్మ ఫోన్ పెట్టేసింది.

తర్వాత నేను కాగితం మీద రాశాను. 'నీ వల్ల కాదు మామ్మా. డాక్టరు గారే చెప్పారు. వచ్చెయ్.' అమ్మ దాన్ని ఫోటో తీసి పంపితే, చిన్నత్త చదివి వినిపించింది. మామ్మ నమ్మలేదు. "అదన్నేదు. నన్ను ఊరుకోబెట్టడానికి నువ్వే కల్పించి సెప్తన్నావు," అందట చిన్నత్తతో. నా నోటి నుంచి వింటే తప్ప ఆమెకు అది నా మాట కాదు. నోరు తెరవడానికి నాకింకా వారాలు పడుతుంది.

ఆ వారాల్లో ఒకటి జరిగింది. చిన్నత్త కూతురికి పురుడైంది. కాయం చెయ్యమని చిన్నత్త అడిగితే మామ్మ చెయ్యనంది. బతిమాలితే, "నా సెయ్యి మంచిది కాదే. బయట కొనండి," అందట. ఫోన్‌లో ఇది చెబుతూ చిన్నత్త ఏడ్చింది. వింటూ నాన్న బయటికి వెళ్ళిపోయాడు.

రోహిణి ఎండలు

బ్యాండ్లు తీసేశారు. మొదట్లో నా మాటలు నాకే తడిసిన అట్టముక్కల్లా అనిపించాయి. రోజూ అద్దం ముందు కూర్చుని ఒకే వాక్యం అభ్యాసం చేశాను. 'నీ వల్ల కాదు మామ్మా.' 'ల్ల' తేలేదాకా, గొంతు వణకకుండా వచ్చేదాకా.

నాన్న తన ఆటోలోనే రావికమతం తీసుకెళ్ళాడు. గేటు దగ్గర దిగి, అద్దం సర్దుతున్నట్టు నిలబడ్డాడు.

"బాగున్నావా అమ్మా?"

"బాగున్నాన్రా. ఎండలో నిలబడ్డావేటి? లోపలికి రా."

అంతే. ఇద్దరి మధ్యా అంతకంటే రాలేదు.

మామ్మ నా ముఖం వంక చాలాసేపు చూసింది. మెల్లిగా తన గడ్డం తడుముకుంది.

"మీయమ్మ మూతి వచ్చింది నీకు. బాగుందే."

నేను అభ్యాసం చేసిన వాక్యం అన్నాను. స్పష్టంగానే వచ్చింది. గొంతు వణకలేదు.

మామ్మ నవ్వింది. జ్వరం వచ్చిన పిల్ల ఏదంటే దానికి ఔనన్నట్టు. "ఔన్లే తల్లీ. నీకు మాటొచ్చింది. అది సాలు నాకు."

"నిజం మామ్మా. దానంతటదే కూడా అలా అవుతుందట."

"ఔన్లే."

అన్నం వేళ, "నువ్వు కలిపి పెట్టు మామ్మా," అని పక్కన కూర్చున్నాను. ఆ చెయ్యి పళ్ళెం దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. పళ్ళేన్ని చిన్నత్త వైపు జరిపి, "నువ్వు పెట్టే. నాకు సెయ్యి నొప్పి," అంది.

తిన్నాక మామ్మ లేచి లోపలికెళ్ళింది. ఫ్రిజ్ తలుపు చప్పుడైంది. చిన్నత్త నా చెవిలో చెప్పింది. "నీకోసమే. ఇక్కడికొచ్చిన కాణ్ణించి రోజూ గిన్నెల్లో నీళ్ళు పోసి గడ్డ కట్టించి ఉంచుతాది. ఎవులినీ ముట్టనివ్వదు. పిల్ల ఎప్పుడొత్తాదో, దవడకి ఐసు గావాల అంటాది."

మామ్మ తన పాత చీర ముక్కలో ఐసు చుట్టి తెచ్చింది. చేతులు బారచాపి, దూరం నుంచే అందించింది. నా దవడకు తాను ఆనించలేదు.

ఐసు అవసరం ఎప్పుడో తీరిపోయింది. అయినా తీసుకుని గడ్డానికి ఆనించి పట్టుకున్నాను. అక్కడ నాకింకా స్పర్శ రాలేదు. రావచ్చు, రాకపోవచ్చునన్నారు డాక్టరు గారు. మామ్మ ఎదురుగా నిలబడి, ఊపిరి బిగబట్టి నా ముక్కు కింద, పెదవుల కింద చూస్తోంది. ఏదైనా ఎర్రగా వస్తుందేమోనని.

"సల్లగున్నాదా తల్లీ?"

"చల్లగా ఉంది మామ్మా," అన్నాను.

అబద్ధం కాదు. కరిగిన నీళ్ళు గుడ్డలోంచి కారి నా మణికట్టు మీద పడుతున్నాయి. చేతికి తెలుస్తోంది.